టెన్త్‌లో ఆ 20 మార్కులు: సొంతంగా నేర్చుకోవడానికా.. సులువుగా వేసుకోవడానికా? అసలు చిక్కు ఇదే!

పదో తరగతిలో 100కి 20 మార్కులు. చూడ్డానికి చిన్న లెక్కే. కానీ ఈ 20 మార్కుల మీద తెలంగాణలో ఏడాది తిరక్కుండానే మూడు నిర్ణయాలు వచ్చాయి. ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తున్నామని 2024 నవంబర్ 28న ప్రభుత్వం ప్రకటించింది. మర్నాడే.. ఈ ఏడాదికి పాత పద్ధతే, కొత్తది 2025-26 నుంచి అని సవరించింది. తీరా ఆ విద్యా సంవత్సరం మొదలయ్యాక, 2025 ఆగస్టులో 80-20 విధానమే కొనసాగుతుందని తేల్చింది.

ఆంధ్రప్రదేశ్ ఈ పని అంతకుముందే చేసింది. 2019-20 విద్యా సంవత్సరం నుంచి టెన్త్‌లో 20 ఇంటర్నల్ మార్కులను తీసేసింది. అంటే పక్కపక్కనే ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల్లో, ఒకే వయసు పిల్లలకు, రెండు రకాల లెక్కలు నడుస్తున్నాయి. ఒకచోట ఏడాది పొడవునా స్కూల్లో చేసిన పనికి 20 మార్కులు. ఇంకోచోట మార్చిలో ఆ మూడు గంటల్లో ఏం రాస్తే అదే.

ఏది కరెక్ట్? ఉపాధ్యాయ సంఘాలు, తల్లిదండ్రులు, స్కూల్ యాజమాన్యాలు.. ఎవరి వాదన వారిది. అయితే ఈ గొడవ వెనకున్న అసలు ప్రశ్న వేరు. పిల్లలు సొంతంగా చూసి, చేసి, తప్పులు చేసి నేర్చుకోవాలంటే టైమ్ కావాలి. అందరినీ ఒకే కొలతతో కొలవాలంటే పరీక్ష కావాలి. ఈ రెండూ ఒకే బడిలో, ఒకే టైమ్ టేబుల్‌లో ఎలా ఇముడుతాయి?

ఆ 20 మార్కులు ఎందుకొచ్చాయి?

దీని మూలాలు విద్యాహక్కు చట్టంలో ఉన్నాయి. 2009లో వచ్చిన ఈ చట్టంలోని 29వ సెక్షన్ ఒక ముఖ్యమైన మాట చెబుతుంది. పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనిపెడుతూ నేర్చుకోవాలి. వాళ్లు ఎంత అర్థం చేసుకున్నారు, దాన్ని ఎంతవరకు వాడగలరన్నది ఏడాది పొడవునా చూడాలి. దీన్నే నిరంతర సమగ్ర మూల్యాంకనం అంటారు. మనకు బాగా అలవాటైన పేరు సీసీఈ.

ఉమ్మడి ఏపీలో మొదలైన ఈ ఆలోచన 2014-15 నాటికి పదో తరగతికి చేరింది. 80 మార్కులకు బోర్డు పరీక్ష, 20 మార్కులకు స్కూల్లో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు. పిల్లల భాషలో చెప్పాలంటే ఎఫ్ఏ-1, ఎఫ్ఏ-2, ఎఫ్ఏ-3, ఎఫ్ఏ-4. ఒక్కో ఎఫ్ఏలో నాలుగు భాగాలు. క్లాసులో పాల్గొనడం-స్పందించడం, రాత పనులు, ప్రాజెక్టు, చివర్లో స్లిప్ టెస్ట్.

కాగితం మీద ఇది మంచి డిజైనే. నాలుగింటిలో మూడు పరీక్ష కాదు. ఊళ్లో చెరువు నీళ్లు ఎటు పోతున్నాయో కనుక్కోవడం, ఇంటి కరెంటు బిల్లులతో గ్రాఫ్ గీయడం, పంటల ధరల మీద మార్కెట్ యార్డులో నలుగురిని అడిగి రాసుకురావడం.. ఇలాంటి వాటికి మొదటిసారి మార్కుల లెక్కలో చోటు దొరికింది. అంటే సొంతంగా నేర్చుకోవడం 'అదనపు పని' కాదు, చదువులో భాగమే అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

మరి ఎక్కడ తేడా కొట్టింది?

తేడా కొట్టింది మార్కుల దగ్గరే. ప్రాజెక్టుకు మార్కులు పెట్టగానే ప్రాజెక్టు స్వభావం మారిపోయింది. ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసి అతికించినవి, పోయినేడాది సీనియర్ల నోట్సు చూసి దించినవి, అమ్మానాన్నలు రాత్రి కూర్చుని చేసిపెట్టినవి.. అన్నిటికీ దాదాపు ఒకే మార్కులు. పనిని పిల్లాడే చేశాడా అని ఎవరూ అడగరు. రికార్డు ఉందా లేదా అన్నదే లెక్క.

టీచర్ పరిస్థితీ అంతే. తక్కువ వేస్తే హెడ్‌మాస్టర్ అడుగుతారు. ప్రైవేటు స్కూలైతే యాజమాన్యం అడుగుతుంది. 'పక్క స్కూల్లో అందరికీ 20కి 20 వేస్తున్నారు, మన పిల్లలకెందుకు అన్యాయం' అన్న మాట ముందు ఏ టీచరూ నిలబడలేరు. నిజాయతీగా 14 వేసిన టీచర్, తన పిల్లలకే నష్టం చేసినట్టవుతుంది. ఒకరు ఎక్కువ వేస్తే అందరూ వేయాల్సిందే.

2021 ఫలితాలు బయటపెట్టిన నిజం

ఈ మాట ఊరికే అనుకునేది కాదు. కరోనా వల్ల 2021లో తెలంగాణలో టెన్త్ పరీక్షలు జరగలేదు. స్కూళ్లు పంపిన ఎఫ్ఏ-1 మార్కుల ఆధారంగానే గ్రేడ్లు ఇచ్చారు. దాదాపు 5.21 లక్షల మంది విద్యార్థుల్లో 2,10,647 మందికి 10కి 10 జీపీఏ వచ్చింది. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరు టాపర్లే!

కరోనాకు ముందు, పరీక్షలు మామూలుగా జరిగిన 2019లో 10/10 తెచ్చుకున్నవాళ్లు 10 వేల లోపే. 2022లో మళ్లీ పరీక్ష పెట్టగానే లక్షల్లోంచి వేలల్లోకి ఆ సంఖ్య దిగిపోయింది.

కరోనా ఏడాది మామూలు ఏడాది కాదు, నిజమే. క్లాసులే సరిగా జరగలేదు, పిల్లలకు నష్టం జరగకూడదని ఉదారంగా వేసి ఉంటారు. అయినా ఒక విషయం మాత్రం స్పష్టం. బయటి కన్ను లేకుండా స్కూలు వేసే మార్కులు పిల్లల మధ్య తేడా చూపించలేవు. అందరికీ ఒకే నంబరు వస్తే అది కొలతే కాదు.

20 మార్కులు పెరిగితే ఎవరికి నష్టం?

'వేస్తే వేశారు, పిల్లలకే కదా లాభం' అనుకోవచ్చు. కానీ ఇక్కడే అసలు పాయింట్ ఉంది. టెన్త్ మార్కులతోనే నేరుగా సీటు వచ్చే చోటు ఒకటుంది. అదే ట్రిపుల్ ఐటీ. బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. 2008లో మొదలైన ఆర్జీయూకేటీ కింద నడిచే ఈ క్యాంపస్‌లకు ఎంట్రన్స్ ఉండదు, కోచింగ్ ఫీజు ఉండదు. టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లాడికి ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్ దొరుకుతుంది.

ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ స్కూళ్ల పిల్లలకు ఇక్కడ డిప్రివేషన్ స్కోరు కూడా కలుపుతారు. గ్రేడ్ల కాలంలో బాసరలో ఇది 0.4 పాయింట్లు. ఏపీలో 4 శాతం. సౌకర్యాలు లేని చోట చదివిన పిల్లలు వెనకబడకూడదని పెట్టిన చిన్న ఊతం అది.

ఇప్పుడు లెక్క వేసుకోండి. ఒక స్కూలు తన పిల్లలందరికీ 20కి 20 వేసింది. ఇంకో మండలంలో ప్రభుత్వ బడి టీచర్ నిజాయతీగా 15, 16 వేశారు. అక్కడే నాలుగైదు మార్కులు పోయాయి. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చిన ఊతాన్ని ఇంటర్నల్ మార్కులు ఇంకో చేత్తో లాగేసుకున్నట్టే. అందుకే ఏపీలో అయినా, తెలంగాణలో అయినా 'ఇంటర్నల్స్ తీసేయండి' అన్న డిమాండ్‌కు బలం వచ్చింది.

పరీక్ష అంటే పిల్లల శత్రువు అనేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని పిల్లలకు, ట్యూషన్ లేని పిల్లలకు, ఎవరి పేపరో తెలియకుండా బయటి టీచర్ దిద్దే పరీక్షే చాలాసార్లు న్యాయమైన మెట్టు. ఆ పేపర్‌లో ఊరి పేరు ఉండదు, స్కూలు పేరు ఉండదు, ఇంటి పేరు ఉండదు.

అయితే మొత్తం 100కీ పరీక్షే పెడితే సరిపోతుందా?

ఇక్కడ రెండో వైపు చూడాలి. 20 మార్కులు తీసేస్తే బోగస్ ప్రాజెక్టులతో పాటు అసలు ప్రాజెక్టులూ పోతాయి. టైమ్ టేబుల్‌లో మార్కులు లేని పీరియడ్ ఏమవుతుందో తెలుగు రాష్ట్రాల్లో ఏ టెన్త్ విద్యార్థిని అడిగినా చెబుతారు. డ్రిల్లు పీరియడ్ మ్యాథ్స్‌కి పోతుంది. లైబ్రరీ పీరియడ్ ఫిజిక్స్‌కి పోతుంది. సంక్రాంతి దాటితే పొద్దునా సాయంత్రం స్పెషల్ క్లాసులు, స్టడీ అవర్లు, గైడ్లు, గత ఐదేళ్ల పేపర్లు. సైన్స్ ల్యాబ్‌కు తాళం పడుతుంది.

ఇలా చదివిన పిల్లలు మార్కులు తెచ్చుకోలేరని కాదు. తెస్తారు. కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆగిపోతారు. ఏపీలో ఈమధ్య జరిగిన ఒక అనుభవమే దీనికి ఉదాహరణ. వెయ్యి ప్రభుత్వ పాఠశాలలను గత ప్రభుత్వం సీబీఎస్ఈలోకి మార్చింది. 2024-25లో ఆ పిల్లలు సీబీఎస్ఈ టెన్త్ పరీక్ష రాయాల్సి ఉంది. పిల్లల స్థాయి ఎలా ఉందో పరీక్షించి చూస్తే ఫలితాలు బాగా నిరాశపరిచాయి. దాంతో 2024 సెప్టెంబర్‌లో ఏపీ ప్రభుత్వం వెనక్కి తగ్గి, వాళ్లను రాష్ట్ర బోర్డు పరీక్షే రాయించాలని నిర్ణయించింది.

దీన్ని రాజకీయంగా ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు. కానీ పాఠం ఒకటే. ప్రశ్నపత్రం మారినంత వేగంగా క్లాస్‌రూమ్ మారదు. ఆలోచించి రాసే పేపర్ పెట్టాలంటే, అంతకు నాలుగైదేళ్ల ముందు నుంచే ఆలోచించి చదివే అలవాటు ఉండాలి.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. సొంతంగా నేర్చుకోవాలంటే ముందు చదవడం రావాలి. గ్రామీణ ప్రాంతాల్లో చేసిన అసర్ 2024 సర్వే ప్రకారం దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో 44.8 శాతం మందే రెండో తరగతి పాఠాన్ని చదవగలిగారు. మిగతా సగానికి పైగా పిల్లల చేతికి ట్యాబ్ ఇచ్చి, 'నువ్వే నేర్చుకో' అంటే అది స్వేచ్ఛ అవ్వదు, వదిలేయడం అవుతుంది.

మదనపల్లె దగ్గర దొరికే జవాబు

మరి ఈ రెండింటినీ కలిపి నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. దానికోసం ఫిన్లాండ్ దాకా వెళ్లక్కర్లేదు. రాయలసీమలోనే, మదనపల్లె దగ్గర ఉంది రిషి వ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఈ స్కూలు స్వేచ్ఛగా నేర్చుకోవడానికి పేరు. కానీ చాలామందికి తెలియని సంగతేంటంటే.. అక్కడి పిల్లలూ పదిలో ఐసీఎస్ఈ, పన్నెండులో ఐఎస్సీ బోర్డు పరీక్షలు రాస్తారు.

ఇంతకంటే ఆసక్తికరమైనది ఆ స్కూలు చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన పని. పద్మనాభరావు, రమ దంపతుల నేతృత్వంలో రిషి వ్యాలీ గ్రామీణ విద్యా విభాగం 'రివర్' అక్కడ చిన్న చిన్న బడులు నడిపింది. ఒకే గది, ఒకే టీచర్, నాలుగైదు తరగతుల పిల్లలు. మన ఊళ్లలో ఏకోపాధ్యాయ పాఠశాలలు ఎలా ఉంటాయో అలాగే.

వాళ్లు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద 'నేర్చుకునే నిచ్చెన' ఒకటి ఉంటుంది. ఏ పిల్లాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది. తన కార్డు తానే తీసుకుంటాడు, తన వేగంతో తాను వెళ్తాడు. ఇది సొంత చదువు.

కానీ నిచ్చెనలో అసలు కిటుకు వేరే ఉంది. ప్రతి కొన్ని మెట్లకూ ఒక పరీక్ష కార్డు ఉంటుంది. అది దాటితే ముందుకు. దాటకపోతే? ఫెయిల్ అనరు. మళ్లీ సాధన చేయించే కార్డులు ఇస్తారు. బాగా వచ్చినవాళ్లకు అదనపు కార్డులు. అంటే పరీక్ష ఉంది, క్రమం ఉంది, దాటాల్సిన స్థాయి అందరికీ ఒకటే. మారేది ఒక్క టైమే.

ఈ పద్ధతి మన దగ్గరే పుట్టినా, పెద్ద ఎత్తున వాడుకున్నది పక్క రాష్ట్రాలు. కర్ణాటకలో 1995లో మైసూరు ప్రాంతంలో మొదలైన 'నలి కలి', తమిళనాడులో చెన్నై కార్పొరేషన్ బడుల నుంచి రాష్ట్రమంతా పాకిన 'యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్'.. రెండిటికీ స్ఫూర్తి ఈ నిచ్చెనే.

ఇది ప్రాథమిక తరగతుల కోసం చేసిన పద్ధతి. టెన్త్‌కు యథాతథంగా పనికిరాదు. కానీ ఒక సూత్రం మాత్రం ఏ తరగతికైనా పనికొస్తుంది. అక్కడ పరీక్ష కార్డు మార్కుల కోసం లేదు, తర్వాత ఏ కార్డు తీయాలో చెప్పడానికి ఉంది. అందుకే అక్కడ మోసం చేయాల్సిన అవసరమే రాదు.

సీబీఎస్ఈ ఏం చేస్తోంది?

సీబీఎస్ఈ కూడా ఈ ఊగిసలాటలో పడినదే. 2009-10లో సీసీఈ తెచ్చింది. 2011 నుంచి టెన్త్ బోర్డు పరీక్షను ఐచ్ఛికం చేసింది. 2018లో మళ్లీ తప్పనిసరి చేసింది.

ఈసారి మాత్రం దారి కాస్త మార్చింది. పరీక్షను తీసేయకుండా, పరీక్షలోని ప్రశ్నలను మారుస్తోంది. టెన్త్ పేపర్‌లో సగం ప్రశ్నలు నిజజీవిత సందర్భాలకు ముడిపడిన సామర్థ్య ఆధారిత ప్రశ్నలే. 2026 నుంచి టెన్త్ బోర్డు పరీక్ష ఏడాదికి రెండుసార్లు. మొదటిది తప్పనిసరి, రెండోదాంట్లో కావాలంటే మూడు సబ్జెక్టుల వరకు మార్కులు మెరుగుపరుచుకోవచ్చు. తొమ్మిదో తరగతిలో పుస్తకం చూసి రాసే పరీక్షలకు 2026-27 నుంచి వీలు కల్పించేందుకు కూడా ఆమోదం తెలిపింది.

జాతీయ విద్యావిధానం 2020 చెప్పింది కూడా ఇదే. బట్టీని కాదు, అవగాహనను పరీక్షించాలని. దాని కోసమే ఎన్‌సీఈఆర్‌టీ కింద 'పరఖ్' ఏర్పాటైంది. 6 నుంచి 8 తరగతుల వాళ్లకు ఏడాదిలో 10 రోజులు బ్యాగు లేని రోజులు ఉండాలని అదే విధానం సూచించింది. ఏపీ ఒక అడుగు ముందుకేసి 2025-26 నుంచి ప్రభుత్వ బడుల్లో శనివారాన్ని 'నో బ్యాగ్ డే'గా ప్రకటించింది. ఆ శనివారం నిజంగా పిల్లలదే అవుతుందా, లేక స్పెషల్ క్లాసులకు పోతుందా అన్నదే చూడాలి.

అయితే దారేది?

ఇప్పటిదాకా జరిగిందంతా చూస్తే ఒకటి అర్థమవుతుంది. గొడవ సొంత చదువుకీ పరీక్షకీ మధ్య కాదు. సొంత చదువుకు మనం ఇచ్చింది మార్కులు. ఇవ్వాల్సింది టైమ్. ఈ రెండూ తారుమారవ్వడమే చిక్కు.

దీని నుంచి బయటపడటానికి కొన్ని పనులు చేయొచ్చు.

మొదటిది.. కింది తరగతుల్లో ప్రాజెక్టులకు మార్కులు తీసేసి, పీరియడ్ ఖాయం చేయడం. వారానికి కొన్ని పీరియడ్లు సిలబస్‌కు ఇవ్వకూడదని గట్టిగా పెట్టుకోవడం. మార్కులు లేకపోతే పిల్లలు చేయరా? కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్ చూస్తే చాలు. అక్కడ మెమోలో మార్కులేం కలవవు. ఐడియా ఎంపికైతే 10 వేల రూపాయలు ఇస్తారు, దాంతో మోడల్ చేసి జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో చూపించాలి. నువ్వెలా చేశావని అక్కడ ఎదురుగా నిలబెట్టి అడుగుతారు. కొనుక్కొచ్చిన మోడల్ ఆ ప్రశ్న దగ్గరే దొరికిపోతుంది.

రెండోది.. టెన్త్‌లో ఇంటర్నల్స్ ఉంచాలనుకుంటే బయటి కన్ను పెట్టడం. ఇంటర్నేషనల్ బాకలారియేట్ స్కూళ్లలో టీచర్ వేసిన మార్కులతో పాటు కొందరి ప్రాజెక్టులను నమూనాగా బయటి పరీక్షకులకు పంపాలి. స్కూలు ఉదారంగా వేసిందని తేలితే స్కూలు మొత్తం మార్కులు తగ్గుతాయి. ఖరీదైన స్కూళ్ల పద్ధతి కావొచ్చు, కానీ సూత్రానికి ఖరీదు లేదు. పక్క మండలం టీచర్లు వచ్చి, స్కూలుకు పది మంది పిల్లలను పిలిచి, ప్రాజెక్టు గురించి నాలుగు ప్రశ్నలు అడిగినా సగం సమస్య తీరుతుంది. రికార్డు ఉందా అని కాదు, నువ్వే చేశావా అని అడగాలి. అంతే తేడా.

మూడోది.. బోర్డు పేపర్‌లోనే సొంత పనికి ఫలితం దక్కేలా చూడటం. ప్రయోగం చేసినవాడే రాయగల ప్రశ్న, సర్వే చేసినవాడికే తట్టే ప్రశ్న ఒకటి రెండు ఉంటే చాలు. ల్యాబ్ తాళాలు వాటంతట అవే తెరుచుకుంటాయి. గైడ్లకు దొరకని ప్రశ్న పెట్టడమే పేపర్ సెట్టర్ నేర్పు.

నాలుగోది.. ఏ మార్పైనా తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే బ్యాచ్‌కే వర్తింపజేయడం. విద్యా సంవత్సరం మధ్యలో, అదీ నవంబర్ చివర్లో మార్కుల విధానం మారుస్తామంటే, అప్పటికే ఎఫ్ఏలు రాసిన పిల్లల సంగతేంటి? ఏపీ సీబీఎస్ఈ స్కూళ్ల పిల్లలు కూడా బోర్డు పరీక్షకు కొన్ని నెలల ముందే బోర్డు మారారు. పెద్దల ప్రయోగాలకు ఒక బ్యాచ్ మొత్తం మూల్యం చెల్లించకూడదు.

చివరగా.. చదవడం, రాయడం, లెక్కలు రావడం దగ్గర రాజీ ఉండకూడదు. మూడో తరగతి దాటేసరికి పాఠం గడగడా చదవగలిగిన పిల్లాడికే సొంత చదువు అనేది అందుతుంది.

మొత్తానికి 20 మార్కులు ఉంచాలా, తీసేయాలా అన్న దగ్గరే చర్చ ఆగిపోతే, వచ్చే ఏడాది ఇంకో జీవో, ఆ మరుసటేడు ఇంకో సవరణ వస్తూనే ఉంటాయి. ప్రభుత్వ బడిలో చదివి ట్రిపుల్ ఐటీ సీటు కోసం చూసే పిల్లకు కావాల్సింది రెండే. తన కష్టాన్ని నిజాయతీగా కొలిచే పరీక్ష ఒకటి. ఆ పరీక్షతో పని లేకుండా తనకు నచ్చినదాన్ని తవ్వి చూసుకునే టైమ్ ఇంకొకటి. ఒకటి ఇవ్వడానికి ఇంకొకటి లాక్కోవాల్సిన అవసరం ఏ బడికీ లేదు.